అమ్మకి పన్ను తీయించాం, భయపడేవాళ్ళ కోసం రాస్తున్నా

పోయిన నెల అమ్మకి పై దవడ పన్ను తీయించాం. ఆరు నెలల్నుంచి ఆ పక్క నమలకుండా, రాత్రిళ్ళు లవంగం నొక్కిపెట్టుకుని పడుకుంటూ నెట్టుకొచ్చింది, ఎందుకంటే పై పన్ను పీకితే కళ్ళు పోతాయని ఎవరో చెప్పారంట. ఈ మాట మా చుట్టాల్లో ఎంతమంది నోట విన్నానో. పంటికి వెళ్ళే నరం వేరు, చూపుకి సంబంధించిన నరం వేరు, పన్ను తీస్తే చూపు తగ్గదు. పుచ్చిన పన్నుని అలాగే వదిలేస్తేనే చీము పట్టి మొహం వాచేది.

వెళ్ళేముందు ఏదైనా తినేసి వెళ్ళండి. మత్తు పంటి చుట్టూ మాత్రమే ఇస్తారు కాబట్టి మామూలుగా ఖాళీ కడుపు అక్కర్లేదు, పైగా తర్వాత కొన్ని గంటలు తినలేరు. వాడే మందుల చీటీ తప్పకుండా పట్టుకెళ్ళండి. అమ్మ గుండె కోసం ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్ప్రిన్ మాత్ర) వేసుకుంటుంది, రక్తం ఆగదేమోనని తనే మానేద్దామనుకుంది, నేను ఫోన్ చేసి అడిగితే డాక్టర్ గారు అస్సలు ఆపొద్దన్నారు. గుండె మందులు మనంతట మనం ఆపకూడదండి, అది పన్ను కంటే పెద్ద ప్రమాదం.

ఇంజెక్షన్ చురుక్కుమంటుంది, పై పన్నుకైతే అంగిట్లో కూడా గుచ్చుతారు, అమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగింది అక్కడే. ఒక్కోసారి కాసేపు గుండె దడగా ఉంటుంది, ఆ మందులో అడ్రినలిన్ కలుపుతారు కాబట్టి. తర్వాత బుగ్గ మొద్దుబారిపోతుంది. ఇక్కడ అందరికీ ముందే తెలియాల్సింది ఒకటుంది, మత్తు ఎక్కినా ఒత్తిడి తెలుస్తుంది, పన్నుని అటూ ఇటూ కదుపుతుంటే దవడ లాగినట్టుంటుంది, లోపల కటకటమని శబ్దం వస్తుంది. అది నొప్పి కాదు, కానీ తెలియకపోతే బెదిరిపోతాం. నిజంగా నొప్పి వస్తే చెయ్యెత్తండి, ఇంకొంచెం మత్తు ఇస్తారు. అమ్మ కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది, ఇరవై నిమిషాల్లో అయిపోయింది, స్టీల్ ట్రేలో ఆ పన్ను చూపించారు, మూడు వేర్లతో చిన్న ముక్కాలి పీటలా ఉంది.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. దూది గట్టిగా కరిచి అరగంట, ముప్పావుగంట అలాగే ఉంచాలి, ఊరికే తీసి చూడకూడదు. 24 గంటలు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, సిగరెట్ మాట ఎత్తొద్దు. ఆ గుంతలో రక్తం గడ్డకట్టి మూతలా ఉంటుంది, అది ఊడిపోతే ఎముక బయటపడుతుంది, దాన్నే డ్రై సాకెట్ అంటారు. నాలుగేళ్ళ కిందట నాకు కింద జ్ఞానదంతం తీసినప్పుడు నోట్లో ఎర్రగా కనిపించిందని ఉమ్ముతూనే ఉన్నా, మూడో రోజు చెవి దాకా పాకిన నొప్పి ఇప్పటికీ మర్చిపోలేదు, మళ్ళీ వెళ్ళి మందు పెట్టించుకున్నాకే తగ్గింది. అందుకే అమ్మని ఆ రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నా. కొద్దిగా రక్తం ఉమ్మిలో కలిసినా చాలా పోతున్నట్టే కనిపిస్తుంది, మింగేయమని చెప్పా, దిండు మీద పాత తువ్వాలు వేశా. పై దవడ పన్ను కాబట్టి ముక్కు గట్టిగా చీదొద్దని కూడా చెప్పారు.

చల్లారిన పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టా, మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు మెల్లగా పుక్కిలించింది. వాపు రెండు మూడు రోజులు ఉండి తగ్గింది. దూది మార్చి కరిచినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి.

పదో రోజు అమ్మ మా పిన్నికి ఫోన్ చేసింది. పిన్నికీ ఒక పై పన్ను పుచ్చి ఏడాదైంది. "కళ్ళకేం కాలేదే, సూదిలో దారం ఎక్కిస్తూనే మాట్లాడుతున్నా" అంటోంది.