శనివారం, బాత్ ఊరు, అమ్మ బిందె

ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్ నుంచి బాత్ ఊరికి ఎం4 మోటార్‌వే మీద గంటన్నర, అదీ రోడ్డు ఖాళీగా ఉంటే. శనివారం ఎక్కడుంటుంది ఖాళీ? పైగా పులిహోర కలపందే కదిలేది లేదని అమ్మ భీష్మించుకుంది. "దారిలో సర్వీసెస్ ఉంటాయమ్మా, అన్నీ దొరుకుతాయి" అంటే "ఆ ఎండు బ్రెడ్డేగా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పులిహోర, పెరుగన్నం, మాగాయ సీసా, వీటితో పాటు ఒక సంచిలో తువ్వాలు, విడి చీర, పసుపు పొట్లం కూడా డిక్కీలోకి ఎక్కాయి. వేడినీళ్ళ బుగ్గలున్న ఊరు, రెండు వేల ఏళ్ళ నాటిది అని మావారు వారం నుంచీ ఊదరగొడుతున్నారు మరి. నాన్నతో బద్రీనాథ్ వెళ్ళినప్పుడు తప్తకుండంలో చేసిన స్నానం అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఇది కూడా అలాంటిదే అనుకుంది. అక్కడ నీళ్ళు ముట్టుకోనివ్వరమ్మా అని రాత్రే చెప్పాను, నమ్మలేదు. "నీళ్ళని ముట్టుకోనివ్వకపోవడమేంటే, గుళ్ళో విగ్రహమా?"

18వ జంక్షన్ దగ్గర దిగి, ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టేసి బస్సెక్కాం. కొండ దిగుతుంటే కింద ఊరంతా ఒకటే రంగు, మీగడ కట్టిన పాల రంగులో. అక్కడి గనుల్లో దొరికే రాయితోనే దాదాపు ఊరంతా కట్టారు. ఎండ పడితే బాగుంటుంది, మబ్బు పడితే కాస్త దిగులుగా ఉంటుంది, మాకు రెండూ దొరికాయి.

రోమన్లు ఆ ఊట మీద కట్టిన స్నానశాల, రోమన్ బాత్స్, లోపలికి వెళ్ళగానే పెద్ద కొలను, పచ్చటి నీళ్ళు, పైన సన్నగా ఆవిరి. చిన్నాడు "ఛీ, ఇంత పచ్చగానా" అన్నాడు. రోమన్ల కాలంలో పైన కప్పు ఉండేది, ఇప్పుడు లేదు, ఎండ తగిలి నాచు పడుతుంది, అందుకే ఆ రంగు. అడుగున వాళ్ళు పరిచిన సీసం రేకులు 45, ఇంకా అలాగే ఉన్నాయి. ఫొటోల్లో కనిపించే ఆ స్తంభాలూ, మేడ మీద వరసగా నిలబడ్డ రోమన్ చక్రవర్తుల విగ్రహాలూ మాత్రం విక్టోరియా కాలం వాళ్ళు పెట్టినవి, 1897లో తెరిచారు. సగం అందం తర్వాతి వాళ్ళు అతికించిందని తెలిసి నాకు కొంచెం మోసపోయినట్టే అనిపించింది. నీళ్ళు మాత్రం అసలువి. మెండిప్ కొండల మీద ఎప్పుడో పడ్డ వాన వేల మీటర్ల లోతుకి ఇంకి, అక్కడ కాగి, పగుళ్ళ గుండా పైకి తన్నుకొస్తుందట. బయటికొచ్చేటప్పటికి 46 డిగ్రీలు, రోజుకి సుమారు 11 లక్షల 70 వేల లీటర్లు.

ఆ లెక్క చెప్పగానే అమ్మ "ఇన్ని నీళ్ళూ ఎటు పోతాయి?" అంది. చివరికి ఏవన్ నదిలోకే. "వేడివేడి నీళ్ళు, ఊరికే?" అని నిలదీసినట్టు అడిగితే, మావారు పక్కనున్న బాత్ అబ్బే చర్చి చూపించి, కాలవలో పోయే ఆ వేడితోనే ఇప్పుడు దాని నేలని వెచ్చగా ఉంచుతున్నారని చెప్పారు. అమ్మ శాంతించింది. అల్లుడుగారి మాట మీద ఉన్నంత గురి నా మాట మీద ఎప్పుడూ లేదు.

ముట్టుకోవద్దని బోర్డు చూసి కూడా నా వంక అనుమానంగానే చూస్తుంటే పెద్దది విడమర్చి చెప్పింది. 1978లో ఈ ఊట నీళ్ళలో ఈత కొట్టిన ఒక అమ్మాయి నీళ్ళలోని అమీబా వల్ల మెదడుకి జబ్బు చేసి చనిపోయింది, ఆ తర్వాత స్నానాలు ఆపేశారు. మళ్ళీ జనం ఆ వేడినీళ్ళలో దిగింది 2006లో, థర్మే బాత్ స్పా అనే కొత్త స్నానశాల తెరిచాక, అది కూడా కొత్త బోర్ల నుంచి తీసి శుభ్రం చేసిన నీళ్ళతో. అందులోకి పదహారేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. "మీరిద్దరూ వెళ్ళండి, పిల్లల్ని నేను చూసుకుంటా" అన్నారు మావారు. లోపల ఏం వేసుకోవాలో నేను చెప్పాక అమ్మ ఇంక ఆ ఊసెత్తలేదు.

అసలు సంగతి మ్యూజియంలో ఉంది. జనం ఆ ఊటలో నాణేలు వేసేవాళ్ళు, 12 వేలకి పైగా దొరికాయి. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి మనం వేసినట్టే. దానికి నాకేం ఆశ్చర్యం కలగలేదు. కానీ వాటి పక్కనే చిన్న చిన్న సీసం రేకులు, సుమారు 130, మడిచి, చుట్టి నీళ్ళలోకి విసిరినవి. లాటిన్‌లో గీకి రాసిన శాపనార్థాలు. ఊటని ఏలే సులిస్ మినర్వా అమ్మవారికి అర్జీలన్నమాట. వాటిలో చాలావరకు దొంగతనాలే, అవీ ఎంత చిన్నవో! సోలినస్ అనే ఆయన స్నానం బట్టలూ, పైవస్త్రమూ పోయాయి, తీసినవాడికి నిద్రా ఆరోగ్యమూ లేకుండా చెయ్యి తల్లీ అన్నాడు. డోసిమెడిస్ అనే ఆయనవి రెండు చేతి తొడుగులు పోయాయి. తీసినవాడి మతీ, కళ్ళూ పోవాలట. తొడుగులకి కళ్ళు! స్కూల్లో తన గ్లోవ్స్ పోయినప్పట్నించీ కుములుతున్న చిన్నాడికి ఈ శిక్ష సబబుగానే తోచింది.

అమ్మ అక్కడ్నించి కదల్లేదు. ఒక్కో రేకు దగ్గరా నిలబడి "ఇందులో ఏముందే" అని అడుగుతుంటే, నేను ఆంగ్లంలో చదివి తెలుగులో చెబుతున్నాను, వెనక జనం ఆగిపోతున్నారు. కొన్నింటిలో అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు వరసగా రాశారు. ఎవరో తెలియనివాళ్ళు మగవాడైనా ఆడదైనా, బానిసైనా కాకపోయినా అని ఏ సందూ వదలకుండా రాశారు. "లాయరు రాసినట్టుందే" అని అమ్మ మెచ్చుకుంది. బంగారు పూత పూసిన అమ్మవారి కంచు తల, 1727లో తవ్వకాల్లో దొరికింది, అక్కడే ఉంది, దానికి ఒక్క నిమిషం కంటే ఇవ్వలేదు. నేనూ అంతేననుకోండి. ఇంత రాయి మోసి ఇంత గుడి కట్టిన సామ్రాజ్యం నాకేమీ దగ్గరగా అనిపించలేదు, గట్టు మీద పెట్టిన బట్టలు పోయినాయన మాత్రం మా వీధిలో మనిషిలానే అనిపించాడు.

బయటికొచ్చే దారిలో శుభ్రం చేసిన ఊట నీళ్ళు రుచి చూడనిస్తారు. గోరువెచ్చగా, ఇనుము వాసనతో, పిల్లలు వెంటనే ఉమ్మేశారు. అమ్మ దోసిట్లో పట్టుకుని కొంచెం తాగి, మిగతాది నెత్తిన చల్లుకుంది. సంచిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

పులిహోర రాయల్ క్రెసెంట్ ముందు గడ్డి మీద కూర్చుని తిన్నాం. అర్ధచంద్రాకారంలో ముప్పై ఇళ్ళు, 1767 నుంచి 1774 దాకా కట్టారు, ముందు గోడ మొత్తం ఒకే తీరు, దాని వెనక ఇల్లు మాత్రం కొనుక్కున్నవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టుకున్నారట. పుల్టేనీ బ్రిడ్జి కూడా చూశాం, పైన రెండు వైపులా కొట్లు, లోపల నడుస్తుంటే కింద నది ఉందనే తెలియదు. అప్పటికి వాన మొదలైంది, ఇంక చాల్లే అని బస్సెక్కాం.

తిరిగొస్తుంటే కార్లో పిల్లలు టికెట్ల వెనక శాపాలు రాస్తూ కూర్చున్నారు. అమ్మమ్మా, నీదేమైనా పోయిందా అని పెద్దది అడిగింది. పోయిందట. నేను పుట్టకముందు, వీధి కుళాయి దగ్గర, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. బిందె అంచు దగ్గర సొట్ట, కింద పొడి అక్షరాల్లో తాతయ్య పేరు, అన్నీ గుర్తున్నాయి. ఎవరు తీశారో కూడా తెలుసంది. పేరు చెప్పు, రాస్తాం అని పిల్లలిద్దరూ వెంటబడితే, "వద్దులేరా, తర్వాత వాళ్ళతో వియ్యం కలిసింది" అంది. ఎవరి పెళ్ళి, ఎవరి వైపు అని నేను అడుగుతుండగానే నిద్ర నటించేసింది. రెడింగ్ వచ్చేదాకా కళ్ళు తెరవలేదు. వాళ్ళెవరో నాకు సుమారుగా తెలిసిపోయింది. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళ వంటింట్లోకి ఓసారి తొంగి చూడాలి.