పొట్టేళ్లకు మక్కలు: నాకుడు డబ్బాతో నా అనుభవం

బక్రీద్ కోసం పొట్టేళ్లు పెంచేవాళ్లందరికీ తెలిసిన గొడవే ఇది. తొట్టిలో మక్కలు పోయగానే బలమైనవి నాలుగు ముందుకొచ్చి, తలలు అడ్డం పెట్టి గబగబా మింగేస్తాయి. వెనకున్న చిన్నవి అవి కదిలాక వచ్చి తొట్టి అడుగు నాకి పోతాయి. మాది హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్తే వచ్చే చిన్న కొట్టం, నలభై జీవాలు, ఎక్కువగా నెల్లూరు జుడిపి జాతి, కొన్ని దక్కని జాతి. నేనుండేది అత్తాపూర్‌లో, పొద్దున వెళ్లి చూసి వస్తాను, మిగతా టైమంతా చూసుకునేది ఒక కురుమ తాత. మందకు మొత్తం ఎంత దాణా పెట్టాలో మేమిద్దరం లెక్కేసుకోగలం గానీ, ఒక్కో పొట్టేలు దాన్ని ఎంత వేగంగా మింగుతుందో తొట్టి దగ్గర ఎవరాపగలరు?

వేగంతో ఏం పని అంటారా, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. మక్కల్లో పిండి పదార్థం ఎక్కువ. అది ఒక్కసారిగా పెద్ద పొట్టలో (నెమరేసే జీవాల పొట్టలో మొదటి అర) పడితే అక్కడి సూక్ష్మజీవులు చకచకా పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం చేసేస్తాయి. మామూలుగా పెద్ద పొట్ట పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటుంది, అది 5.5 కన్నా కిందికి దిగిందంటే జీవం మేత ముట్టదు, నెమరు ఆగిపోతుంది, పుల్లటి వాసనతో పారుతుంది, ముదిరితే చావు కూడా తప్పదు. బతికి బయటపడ్డవాటికి కూడా గిట్టల్లో వాపొచ్చి కుంటు పట్టుకోవచ్చు. కుంటే జీవాన్ని కుర్బానీకి ఎవరూ తీసుకోరు కదా, అన్ని నెలలు మేపింది మాంసం రేటుకే జియాగూడ మండీలో పోతుంది. ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుకు రోగం సంగతి సరేసరి, గింజ దండిగా తిని బాగా కండపట్టిన పిల్లలే ముందు దానికి దొరుకుతాయి. దానికి టీకా ఉంది, బూస్టర్‌తో సహా వేయించాకే నేను దాణా పెంచుతాను, అందులో రాజీ లేదు.

ఆస్ట్రేలియాలో పచ్చిక ఎండిపోయిన కాలంలో వేల గొర్రెలకు గింజలు పెట్టడానికి లిక్ ఫీడర్లు, అంటే ఈ నాకుడు డబ్బాలే, వాడతారు. పైన గింజలు నిలవుండే పెట్టె, కింద సన్నటి సందు, గొర్రె ఆ సందులో నాలుక పెట్టి నాకితే కొన్ని గింజలే బయటికొస్తాయి. గుటకలేయడం కుదరదు. నాకే కొద్దీ లాలాజలం ఊరుతుంది, అందులో ఉండే బైకార్బొనేట్ పొట్టలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కాసేపటికి నాలుక అలిసిపోయి గొర్రె తనంతట తానే పక్కకు పోతుంది, ఇంకోదానికి చోటు దొరుకుతుంది. వీడియోలు చూస్తే ఇదేం పెద్ద బ్రహ్మవిద్య కాదనిపించింది. అక్కడి నుంచి తెప్పించుకోవడం మన వల్ల కాదు కాబట్టి ఇక్కడే చేయించుకోవాలి.

కాటేదాన్ వైపు పాత డ్రమ్ములు అమ్ముతారు, రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు తెచ్చాను. ఇక్కడ ఒక మాట. డ్రమ్ము చవగ్గా వస్తుందని రంగులు, రసాయనాలు పోసినవి తేవద్దు, ఎంత కడిగినా వాసన పోదు, తినేది మూగజీవం. నేను పచ్చళ్ల నూనె వచ్చిన డ్రమ్ములే అడిగి తీసుకున్నాను. డ్రమ్ము అడుగున రెండు వైపులా అడ్డంగా కోసి, కింద జిఐ షీటుతో వెడల్పాటి పళ్లెం, కోసిన చోట పైకీ కిందికీ జరిగే రేకు పలక. పలకకు గుండ్రటి బెజ్జాలు కాకుండా నిలువుగా పొడుగు బెజ్జాలు పెట్టి రెక్క నట్లు బిగిస్తే పానా లేకుండా చేత్తోనే సందు మార్చుకోవచ్చు. ఆ నట్లు రాణీగంజ్‌లో దొరికాయి.

వెల్డింగ్ చేసినతను పని బాగానే చేశాడు గానీ పలక అంచు కోసినది కోసినట్టే వదిలేశాడు, వేలు పెట్టి చూస్తే బ్లేడు లాగా ఉంది. జీవం నాలుక రోజంతా రాసుకునేది సరిగ్గా ఆ అంచుకే. మళ్లీ తీసుకెళ్లి అంచు వెనక్కి మడతపెట్టించి, పైన పచ్చ నీళ్ల పైపును నిలువునా చీల్చి తొడిగాను. ఎవరైనా చేయించుకుంటే డబ్బా మొత్తంలో ముందు చూసుకోవాల్సింది ఇదే.

తాత మాత్రం డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, "గిదేంది సార్, బువ్వ పెట్టి మూతి కట్టినట్టున్నది" అన్నాడు. "నాలుగు రోజులు చూడు తాతా" అన్నాను. "జీవాలు చూడాలె గానీ నేను చూస్తే ఏమైతది" అని బీడీ వెలిగించుకున్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది, అలవాటు లేని మందకు అది తినే వస్తువని ఎలా తెలుస్తుంది?

అందుకని మొదట్లో డ్రమ్ము నింపనేలేదు. పొద్దున్నే పల్లికట్టె (ఎండిన వేరుశనగ తీగ), కందిపొట్టు కడుపునిండా వేయించి, అవి తిని నెమరు మొదలుపెట్టాకే డబ్బాల దగ్గరికి వదిలాం. తలకు యాభై గ్రాముల లెక్కన మందంతటికీ రెండు కిలోలు, రెండు డబ్బాల్లో చెరి సగం, సందు బాగా తెరిచి, పళ్లెంలో కూడా ఓ గుప్పెడు చల్లి పెట్టాం. దాణా రుచి తెలిసిన ముసలి గొర్రెలు రెండు ముందుగా మూతి పెట్టాయి, వాటిని చూసి మిగతావి వచ్చాయి. అప్పట్నుంచి సందు తగ్గిస్తూ, దాణా మాత్రం మెల్లగా పెంచుతూ వచ్చాం. తలకు మూడు వందల యాభై గ్రాములకు చేరేసరికి మూడు వారాలు దాటింది. పొట్టలో సూక్ష్మజీవులు గింజకు అలవాటుపడటానికి అంత టైము ఇవ్వాల్సిందే, డబ్బా ఉంది కదా అని దాన్ని తొందరపెడితే డబ్బా పెట్టిన లాభం పోతుంది.

సందు ఎంత పెట్టాలన్నది ఎవరూ చెప్పలేరు, మన మక్కల సైజును బట్టి మనమే చూసుకోవాలి. కొలవడానికి నేను డ్రిల్లు బిట్లు వాడాను. పన్నెండు ఎంఎం బిట్టు సందులో దూరితే పన్నెండు, పది దూరితే పది, అంతే. డ్రమ్ము ఈ చివర పది, ఆ చివర పన్నెండు ఉంటే జీవాలన్నీ ఆ చివరే ఎగబడతాయి, కాబట్టి రెండు వైపులా చూడాలి. ఎంత తిన్నాయన్నదానికి ఒక కర్ర. యాభై కిలోల బస్తా పోసినప్పుడు గింజలు ఎంత ఎత్తుకొచ్చాయో కర్ర మీద గీత గీసుకుంటే, మా డ్రమ్ములో సెంటీమీటరుకు రెండు కిలోల లోపు లెక్క తేలింది. పొద్దున కర్ర దించి ఎంత దిగిందో చూడటం, తలలతో భాగించడం, ఎక్కువైతే సందు కొంచెం బిగించడం. తాతకు గ్రాములతో పనిలేదు, కర్ర మీద ఎర్ర గీత దాటి దిగిందంటే నాకు ఫోన్ చేస్తాడు.

ఇది చదివి ఎవరైనా డబ్బా పెట్టేసి ఊరెళ్లిపోవచ్చనుకుంటే మాత్రం పొరపాటు. డబ్బా వేగాన్ని ఆపుతుంది, వాటా పంచదు. సగటు మూడు వందల యాభై అంటే ఒకటి ఆరు వందలు తిని ఉండొచ్చు, ఇంకోటి అసలు ముట్టకపోయి ఉండొచ్చు. ఎవరు తింటున్నారో తెలుసుకోవడానికి తాతే దారి చూపించాడు, మూతులు చూడమన్నాడు. నాకి వచ్చినదాని పై పెదవి తడిగా ఉండి, ముక్కు కింద వెంట్రుకలకు పసుపు రంగు మక్కల దుమ్ము అట్టకట్టి ఉంటుంది. పొడి మూతులన్నీ ఏరితే ఐదారు తేలాయి, అన్నీ బక్కవే. వాటిని తడికెతో వేరుచేసి రెండో డబ్బా వాటికీ, వాటితో కలిసే చిన్న పిల్లలకే ఇచ్చాం, గట్టిగా పొడిచే పొట్టేళ్లు మొదటి డబ్బా దగ్గర ఉండిపోయాయి. లెక్క కూడా అప్పట్నుంచి డబ్బాకో లెక్క. నన్నడిగితే డబ్బాకన్నా ఈ తడికె వల్లే ఎక్కువ లాభం వచ్చిందేమో, కాకపోతే డబ్బా లేకపోతే తడికె అవసరమని తెలిసేది కాదు.

డబ్బాను ఖాళీగా మాత్రం ఉంచకూడదు. ఒక పూట గింజ దొరక్కపోతే మర్నాడు నింపగానే ఆకలి మీద ఆగకుండా నాకుతాయి, సందు ఎంత సన్నగా ఉన్నా సరే. ఎప్పుడైనా అయిపోతే ముందు పల్లికట్టె వేసి, సందు బిగించి, కొంచెమే పోసి మొదలుపెట్టాలి. రోజూ పెంటికలు చూడటం ఎలాగూ అలవాటే. గట్టి పెంటికలు ఉంటే చింత లేదు, బూడిద రంగులో పలచగా, నురగతో, పుల్లటి వాసన వస్తే ఆ జీవాన్ని గింజ దగ్గరికి పోనివ్వకుండా కట్టి, ఎండు మేత మాత్రమే వేసి డాక్టరును పిలవాలి. పశువుల అంబులెన్స్ నంబరు 1962 కొట్టం గోడ మీద పెద్దగా రాయించాను.

నాకుడుకు తడిసిన గింజ పళ్లెంలోనే ఉండిపోయి సాయంత్రానికి పులుస్తుంది, ఆ వాసనకు మిగతావి మూతి కూడా పెట్టవు. రోజూ పొద్దున పళ్లెం గీకి పారేయాలి, ఇది తాతకు అస్సలు నచ్చని పని. వానాకాలం ఇంకో టెన్షన్. జల్లు కొట్టిందంటే సందు దగ్గర గింజలు ఉబ్బి దిమ్మ కడతాయి, లోపల బూజు పట్టిందంటే ఆ విషానికి మందు లేదు. డబ్బాలు రేకుల కిందికి జరిపి, రాత్రి పలక పూర్తిగా దించేస్తున్నాం, ఎలుకల బాధ కూడా దాంతోనే తగ్గింది.

పొడి ఏదీ ఇందులో నడవదు. మక్కల్లో మాంసకృత్తులు తక్కువ కాబట్టి పల్లిచెక్క ఇవ్వాల్సిందే, దాన్ని పొడి చేసి కలిపితే సందు మూసుకుపోయింది, ఇప్పుడు సాయంత్రం విడిగా తొట్టిలో పెడుతున్నాం. గింజ మేత మీదుండే పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు పడతాయి, మక్కల్లో భాస్వరంతో పోలిస్తే కాల్షియం బాగా తక్కువ. అందుకని సున్నపురాయి పొడి ఇవ్వమంటారు. దాన్ని మక్కల్లో కలిపితే మొత్తం డ్రమ్ము అడుక్కి జారింది, గింజకు అంటలేదు. ఇప్పుడు పచ్చిమేత మీద నీళ్లు చిలకరించి చల్లుతున్నాం, ఉప్పు విడిగా ఒక పెట్టెలో, నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా. మక్కలను మాత్రం మర ఆడించకుండా గింజ గింజగానే పోస్తాం. గొర్రె బాగా నములుతుంది, పిండి చేస్తే ఇంకా త్వరగా పులుస్తుంది.

మొన్న అమ్మిన బ్యాచులో కుంటు ఒక్కదానికీ రాలేదు, పెద్దవాటికీ చిన్నవాటికీ బరువులో తేడా కూడా ముందటి కన్నా తగ్గింది. డ్రమ్ము, షీటు, కూలీ అన్నీ కలిపి డబ్బాకు మూడు వేల లోపే అయ్యింది. మక్కల రేటు చూస్తుంటే వచ్చే బ్యాచుకు సగం జొన్నలకు మారదామని ఉంది, కానీ రెండూ ఒకే డబ్బాలో కుదరవు. మక్కలకు పెట్టిన సందులోంచి జొన్నలు ధారగా కారిపోతాయి. కాబట్టి జొన్నల డబ్బాకు ఇంకా కిందికి దిగే పలక వేరుగా చేయించి, తలకు యాభై గ్రాముల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.