రెండు కాపురాల జమాఖర్చు

శ్రీకాకుళం, ఆదివారం.

మా ఆయన జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మా ఇంటికి వచ్చే చుట్టాలందరూ ముందుగా అడిగేది జీతం సంగతే. యూరోను వందతో హెచ్చవేసి, వచ్చిన లక్షలను రెండుసార్లు పైకి అనుకుని, నన్ను అదృష్టవంతురాలిగా తేల్చేస్తారు. రాబడిని వందతో హెచ్చవేసినవారు పోబడిని కూడా వందతోనే హెచ్చవేయాలి కదా అని నాకు అనిపిస్తుంది గాని, పెద్దవాళ్లతో వాదన ఎందుకని కాఫీ ఇచ్చి ఊరుకుంటున్నాను. వీసా చేతికి రాగానే నేనూ పాపా బయలుదేరవలసి ఉన్నందువల్ల, ఈ మధ్యాహ్నం ఒక నోటుపుస్తకం తీసి, ఎడమ పేజీలో ఇక్కడి కాపురాన్ని, కుడి పేజీలో అక్కడి కాపురాన్ని పద్దులుగా రాయడం మొదలుపెట్టాను.

మొదటి పద్దు అద్దె. అక్కడి ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే అద్దెలో హీటింగు, నీళ్లు, చెత్త తీసుకువెళ్లే ఖర్చు కలవవు. వాటిని కలిపితే వచ్చే మొత్తమే నెలనెలా కట్టవలసింది. అడ్వాన్సు మాత్రం మూడు నెలల అసలు అద్దెకు మించకూడదని, ఆ సొమ్మును యజమాని తన డబ్బుతో కలపకుండా వేరుగా ఉంచాలని చట్టమే చెబుతోందని తెలిసి సంతోషించాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే చాలా అద్దె ఇళ్లలో వంటగట్టు, సింకు, పొయ్యి ఉండవట. నాలుగు గోడలూ నీటి గొట్టమూ చూపించి తాళం చేతికిస్తారట. గట్టు లేని వంటగదిని మన ఊళ్లో ఎవరూ అద్దెకు ఇవ్వరు. అయితే మా పెళ్లైన కొత్తలో ఇక్కడ ఇల్లు వెతికినప్పుడు, కులం ఏమిటని నేరుగా అడగలేని యజమానులు ఇంటిపేరు అడిగేవారు. అక్కడ అడిగేవి జీతపు చీటీలు, అప్పుల చరిత్ర. రెండూ అనుమానాలే గాని, రెండోదానికి కాగితం చూపించి బయటపడవచ్చు.

నీళ్ల పద్దు దగ్గర కలం కొంతసేపు ఆగింది. ఇక్కడ మేము తాగేది వాటర్ ప్లాంటు నుంచి ఆటోలో వచ్చే 20 లీటర్ల టిన్ను. అక్కడ వంటింటి కుళాయి నీళ్లనే నేరుగా తాగుతారు. నెలకు మిగిలేది కొద్ది వందల రూపాయలే. కాని నా పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి వైపు. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతమందిని పట్టుకుందో పరిశోధకులు ఇంకా తేల్చలేదు. నీళ్ల మీద జనానికి ఉన్న అనుమానం మాత్రం నేను పుట్టక ముందు నుంచీ ఉన్నదే. హిరమండలం జలాశయం నీటిని గొట్టాలలో అక్కడికి తెచ్చే పథకం ప్రారంభమైనది 2023 డిసెంబరులో. అందుచేత కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని తాగేయడం నా లెక్కలో రూపాయలకు సంబంధించిన విషయం కాదు.

సాయంత్రం జి.టి. రోడ్డులోని కళ్లద్దాల దుకాణానికి వెళ్లాను. జర్మనీలో ఆరోగ్య బీమా తప్పనిసరి, జీతంలో 14.6 శాతం, పైన మరికొంత అదనపు చందా, వీటిని యజమానీ ఉద్యోగీ చెరిసగం భరిస్తారు. ప్రభుత్వ బీమాలో ఉన్న ఉద్యోగికి సంపాదన లేని భార్యాపిల్లలు కూడా ఆ చందాలోనే ఇమిడిపోతారు. ఇంత పెద్ద ఏర్పాటు ఉండి కూడా, పెద్దవాళ్ల కళ్లద్దాలకు పవరు ఆరు దాటితే గాని సాధారణంగా ఆ బీమా పైసా ఇవ్వదు. నాది మైనస్ రెండున్నర. అందుకని ఇక్కడే రెండు జతలు చేయించుకుందామనుకున్నాను. దుకాణం అబ్బాయి నా ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, బిళ్లలు మారుస్తూ, "ఇది బాగుందా మేడమ్, ఇందాకటిదా?" అని ఓపికగా అడిగాడు. ఫీజు లేదు, అపాయింట్‌మెంటు లేదు, పైగా ఆదివారం. స్టుట్‌గార్ట్‌లో ఈ సమయానికి దాదాపు ఏ దుకాణమూ తెరిచి ఉండదు. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న మాటను 1949 నాటి రాజ్యాంగం కూడా తనలో చేర్చుకుంది. ఆ అబ్బాయికి వారానికి ఒక్క రోజైనా సెలవు ఉందో లేదో అడగాలని అనిపించింది, అడగలేదు.

నా లెక్కను అసలు తలకిందులు చేసినది మా గౌరమ్మ. పొద్దున్న నేను ఆ ఊరి సంగతులు అత్తయ్యగారికి చెబుతుంటే విని, "అక్కడ మీ అంట్లు ఎవులు తోముతారమ్మా?" అని అడిగింది. గౌరమ్మకు నేనిచ్చేది నెలకు 1,800 రూపాయలు. జర్మనీలో 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు; అంటే మా చుట్టాల లెక్క ప్రకారమే చూసినా, ఇక్కడ ఆమె నెల జీతం అక్కడ గంటన్నర పనికి కూడా చాలదు. ఇల్లు తుడవడం, బట్టలు ఆరవేయడం, పాపను బడికి దింపడం, సామాను మోసుకురావడం, అన్నీ మనమే చేసుకోవాలి. స్టుట్‌గార్ట్ వైపు 'కేర్‌వోఖె' అనే ఆచారం ఉంది. వంతు వచ్చిన వారం ఆ అంతస్తువాళ్లు మెట్లను ఊడ్చి తుడవాలి. ఇంజనీరైనా, ప్రొఫెసరైనా చీపురు పట్టవలసిందేనని చెబితే గౌరమ్మ చాలాసేపు నవ్వింది.

ఇక్కడి జీవితం సుఖంగా, చవకగా ఉందని నేను ఎడమ పేజీలో రాసుకున్నదంతా ఇంత తక్కువ కూలికి పని చేస్తున్న మనుషుల వల్లనే అలా ఉంది. గౌరమ్మ, కేకేస్తే ఆగే ఆటోవాడు, మూడో అంతస్తుకు గ్యాస్ బండ మోసుకొచ్చే కుర్రవాడు ఆ మనుషులే. బీపీ చూపించుకోవడానికి అత్తయ్యగారిని ఎప్పుడు కావాలంటే అప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లే పక్కింటి తమ్ముడైతే కూలి కూడా అడగడు. అక్కడ ఈ మనుషుల స్థానంలో పన్నులు, చందాలు, నిబంధనలు ఉన్నాయి. అవి జీతంలోంచి ముందే కోత పడతాయి కాబట్టి ఖరీదుగా కనిపిస్తాయి. మాకు అక్కడ ఖరీదు ఎక్కువే. గౌరమ్మ వంటి మనిషికి అక్కడే నయమని ఒప్పుకోక తప్పదు.

చలి గురించి అందరూ భయపెడుతున్నారు, కోటు కొంటే తీరే భయమది. పాప చదువు అలాంటిది కాదు. ఇక్కడ బడి ఫీజు, వ్యాను, ట్యూషను కలిపి మేము కడుతున్నదంతా అక్కడ మిగులుతుంది. ప్రభుత్వ బడికి ఫీజు లేకపోవడమే కాక, బిడ్డకు నెలనెలా భత్యం కూడా ఇస్తారు, 2025లో అది 255 యూరోలు. అయితే స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో ప్రాథమిక బడి నాలుగేళ్లే. నాలుగో తరగతి చదువుతుండగానే పిల్ల ఏ రకం బడికి వెళ్లాలో సూచన ఇస్తారు, మా పాప మూడో తరగతిలో ఉంది, జర్మన్‌లో దానికి పది అంకెలు వచ్చు. భాష రాని పిల్లల కోసం సన్నాహక తరగతులు ఉన్నాయి గాని, అవి అన్ని బడులలోనూ ఉండవు.

అందుకని రాత్రి ఫోనులో జీతం, కోతల సంగతి ఎత్తకుండా బడి గురించే అడిగాను. ఆయన రెండు ఇళ్లు చూసి వచ్చారట. ఒకదానిలో వంటగట్టు బిగించి ఉంది గాని బడికి రెండు బస్సులు మారాలి. రెండోది ఖాళీ గోడల ఇల్లు, సన్నాహక తరగతి ఉన్న బడికి నడిచి వెళ్లవచ్చు. రెండోదానికే దరఖాస్తు పెట్టమన్నాను. ఖాళీ చేస్తున్న అద్దెదారు తన సింకూ పొయ్యీ మాకే అమ్ముతానంటున్నాడట, ధర ఇంకా చెప్పలేదు.