పటమట అంటే నలం: ఛందస్సు ప్రోగ్రామ్ ఎంతవరకు వచ్చింది

పద్యం అతికిస్తే లఘువులు, గురువులు గుర్తించి, గణాలు కట్టి, ఏ వృత్తమో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఆఫీసు పనికీ దీనికీ సంబంధం లేదు. విజయవాడలో నా ఆదివారాలన్నీ దీనికే పోతున్నాయి, ఇష్టంగానే. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం గుర్తింపు పూర్తయింది. కందం కూడా నడుస్తోంది. ప్రాస సులువుగానే అయిపోయింది. యతి సగంలో ఉంది. సీసం ఇంకా ముట్టుకోలేదు.

ఎక్కువ సమయం తీసుకున్నది గణాలు కాదు, అక్షరాన్ని ఎక్కడ తెంచాలన్నది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో (కంప్యూటర్లు లిపులను దాచుకునే ప్రమాణం) మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈ గుణింతం కలిసి 6 గుర్తులు. అందుకే పైథాన్, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండూ దాని పొడవు 6 అంటాయి. గో భాష బైట్లు లెక్కపెడుతుంది, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కాబట్టి 18 అంటుంది. రస్ట్‌లో ‘మొదటి అక్షరం ఇవ్వు’ అని నంబరుతో అడిగితే కంపైలే కాదు, అంటే నడిచే రూపంలోకే మారదు. బైట్లు కావాలో, గుర్తులు కావాలో మనమే తేల్చి చెప్పాలి. ఈ నాలుగింటిలో రస్ట్ పద్ధతే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. సంఖ్య చేతికిచ్చి ఊరుకునే భాషల్లో తప్పు చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

పైథాన్‌తో వచ్చే, పాఠంలో నమూనాలు వెతికే ‘రీ’ మాడ్యూల్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. పదాలు ఏరడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, గుణింతపు గుర్తులను పదంలో భాగంగా లెక్కించదు. ‘తెనాలి’ ఇస్తే త, న, ల అని మూడు ముక్కలు చేసి ఇస్తుంది. తెలుగుతో పనిచేసే కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: దాన్ని నమ్మకండి.

2023లో వచ్చిన యూనికోడ్ 15.1తో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం తెలుగుకూ వర్తించింది. అంతకుముందు నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు ముక్కలు, ఇప్పుడు ఒకటి. మంచి మార్పే. కర్సర్ కదపడానికి అది చాలు గానీ ఛందస్సుకు చాలదు. ‘కవిన్’ అన్న మాటలో యూనికోడ్‌కు క, వి, న్ అని మూడు కనిపిస్తాయి. ఛందస్సులో చివరి పొల్లు ముందు అక్షరంతో కలిసి దాన్ని గురువు చేస్తుంది కాబట్టి అక్షరాలు రెండే. అందుకని సిద్ధంగా దొరికే లైబ్రరీలు పక్కన పెట్టి, విడగొట్టే భాగం నేనే రాసుకున్నాను. అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, నిండుసున్నా లేదా విసర్గ, అరసున్నా. ఈ ఆరు రకాలు చాలు. నిండుసున్నా గురువు చేస్తుంది, అరసున్నా చేయదు; రెండింటినీ ఒకే గంపలో వేస్తే పాత పద్యాలన్నీ తప్పుతాయి. ఇంకొక్క జాగ్రత్త: ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చీ రాయొచ్చు. తెరమీద తేడా తెలియదు. లోపలికి రాగానే ఎన్‌ఎఫ్‌సీకి, అంటే యూనికోడ్ చెప్పే ఒకే రాతరూపానికి, మార్చేస్తే గొడవ ఉండదు.

టెస్టులకు మన ఊళ్ల పేర్లే వాడుకున్నాను. పటమట నాలుగు లఘువులు, అంటే నలం. బెజవాడ సలం. గుంటూరు, ఏలూరు రెండూ తగణం. తెనాలి జగణం. ‘కృష్ణ’లో కృ హ్రస్వమే అయినా వెనక ‘ష్ణ’ ఉంది కాబట్టి గురువు. గురువు, లఘువు కలిసి హగణం. ఇలాంటివి నోటితో చదివి సరిచూసుకోవచ్చు, ఏదైనా పాడైతే కంటికి వెంటనే కనిపిస్తుంది.

వీటి పక్కనే పైథాన్ హైపోథెసిస్ లైబ్రరీతో ఇంకో రకం టెస్టులు పెట్టాను. హ్యాస్కెల్ భాషలోని క్విక్‌చెక్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఉదాహరణలు మనం ఇవ్వం, ఎప్పుడూ నిజం కావాల్సిన మాట చెబుతాం. నేను చెప్పింది రెండు: విడగొట్టిన అక్షరాలను మళ్లీ కలిపితే మొదటి పాఠమే రావాలి, లఘుగురువుల సంఖ్య అక్షరాల సంఖ్యతో సరిపోవాలి. లైబ్రరీ ఏవేవో గుర్తుల వరుసలు పుట్టించి, విఫలమైనదాన్ని కుదించి కుదించి అతి చిన్న రూపంలో చూపిస్తుంది. హల్లు లేకుండా ఒంటరిగా మొదలయ్యే గుణింతపు గుర్తు అలాగే బయటపడింది. ఫోన్ నుంచి సగం కాపీ చేసిన పాదంలో అది నిజంగానే వస్తుంది.

అసలైన చిక్కు సత్యనారాయణపురంలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు చూపించారు. “ఏమయ్యా, ‘అతడు ప్రభువు’ అంటే ‘డు’ లఘువే కదా. నీ మిషను గురువంటుందేం?” అన్నారు. “వెనక సంయుక్తాక్షరం ఉంది కదండీ మాస్టారూ” అన్నాను. “ఉంటే? రెండూ వేరే పదాలు. ‘లోకప్రసిద్ధి’ అను, అప్పుడు ‘క’ గురువు. అది సమాసం.” తెలుగు పదమా, సంస్కృత సమాసమా అన్నది గుర్తుల్లో కనపడదు. అందుకని ఇప్పుడు పదాల మధ్య అలాంటి చోటు వస్తే ప్రోగ్రామ్ రెండు రకాలుగానూ లెక్క వేస్తుంది. ఏదో ఒకదానితో వృత్తం కుదిరితే ఒప్పుకుని, ఆ అక్షరానికి రంగు వేసి చూపిస్తుంది. పాదానికి అలాంటి చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి వేగానికి ఢోకా లేదు.

మొదట అంతా పైథాన్‌లోనే రాశాను. ఆలోచన తేలేవరకు దానికి మించిన భాష నాకు కనపడలేదు. కానీ మాస్టారుగారిది పాత ఆండ్రాయిడ్ ఫోన్. బ్రౌజర్‌లో పైథాన్ నడపాలంటే మెగాబైట్ల కొద్దీ డౌన్‌లోడ్ చేయాలి. అందుకని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌గా మారే టైప్‌స్క్రిప్ట్‌లోకి మార్చాను. ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. మార్చడం నేననుకున్నదానికంటే తేలికైంది, ఎందుకంటే టెస్టులన్నీ కోడ్‌లో కాక విడిగా జేసన్ అనే ఒక సాదా పాఠపు ఫైల్‌లో ఉన్నాయి. ఎడమవైపు మాట, కుడివైపు లఘుగురువులు. పైథాన్, టైప్‌స్క్రిప్ట్ రెండూ అదే ఫైల్ చదువుతాయి. రేపు రస్ట్‌లో రాయాలనిపించినా అదే చదువుతుంది. మాస్టారు కూడా ఆ ఫైల్ తెరిచి, కోడ్ జోలికి పోకుండా, తప్పులు దిద్దగలుగుతున్నారు. ఏ భాష గొప్పదన్న వాదన కంటే నాకు ఈ ఫైలే ముఖ్యం.

ఫోన్ల సంగతి కొస్తే, 2018లో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక తెలుగు గుర్తుల వరుస తెరమీదికి వస్తే ఐఫోన్ యాప్‌లు మూతపడేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఆ వరుస మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, అంటే అక్షరాలు అతుక్కోకుండా ఆపే గుర్తు. ఇది మారుమూల విషయమేమీ కాదు, ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా రాయాలంటే అదే వాడతాం. కోట్లమంది మాట్లాడే భాషను పరికరం అమ్మేముందే పరీక్షించాలి. కనీసం ఒత్తులు, పొల్లులు, ఈ కనపడని గుర్తు కలిపి చూడాలి. నా ఫైల్‌లో అవన్నీ ఉన్నాయి, కావాలన్నవాళ్లకు ఇచ్చేస్తాను. ఇక కీబోర్డుల్లో బ్యాక్‌స్పేస్ ఒక్కో గుర్తే చెరపాలి, కర్సర్ మాత్రం అక్షరం అక్షరం దాటాలి. గుణింతం ఒక్కటే దిద్దుకోవాల్సినప్పుడు అక్షరమంతా పోతే విసుగొస్తుంది.

ఏలూరు రోడ్డు డీటీపీ సెంటర్లో పాత పద్యాల ఫైల్ ఒకటి దొరికింది. ‘అను’ అనే పాత ఫాంట్‌లో ఉంది, యూనికోడ్‌కు మార్చి ఒత్తులు చూసుకోవాలి. అది తర్వాత.

ముందు యతి. చ, ఛ, జ, ఝ, శ, ష, స లాంటి హల్లుల మైత్రి పట్టికగా రాసేశాను. సంధిలో దాగిన అచ్చు మిగిలింది. ‘దేవాలయం’లో ‘వా’ దగ్గర యతిస్థానం పడితే ‘ఆలయం’లోని ‘ఆ’ అనే అచ్చుకు యతి చెల్లుతుంది, అది తెలియాలంటే పదం విడదీయాలి. ప్రస్తుతానికి దీర్ఘం ఉన్నచోట అచ్చుతోనూ కుదురుతుందేమో చూసి, కుదిరితే ‘సంధి కావచ్చు’ అని చూపించి వదిలేస్తున్నాను. మాస్టారు గుణసంధి, యణాదేశ సంధి పదాలు రాసిస్తున్నారు. అవి జేసన్‌లోకి ఎక్కగానే వచ్చే ఆదివారం పని అదే.