శ్రీలంక ప్రతినిధిగా కూర్చోబోయే ముందు

వచ్చే నెలలో నెల్లూరులో జరిగే మోడల్ యునైటెడ్ నేషన్స్ సమావేశంలో, అంటే విద్యార్థులు వేర్వేరు దేశాల ప్రతినిధులుగా చర్చించే నమూనా ఐక్యరాజ్య సమితిలో, నాకు శ్రీలంకను కేటాయించారు. ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలోని మత్స్య కమిటీ మా కమిటీ. చిన్న తరహా మత్స్యకారుల జీవనోపాధిని కాపాడటం చర్చనీయాంశం. మన జాలర్లను పట్టుకొని జైళ్లలో పెట్టే దేశం తరఫున కావలి అమ్మాయి ఏం మాట్లాడుతుందని మా తరగతిలో కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడమే నా సన్నాహంలో ప్రధానమైన పని అయింది.

మొదట చట్టంతో ప్రారంభించాను. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందంపై 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో దేశాలు సంతకాలు చేశాయి. అది 1994 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి (చేపల వంటి వనరులపై ఆ దేశానికే హక్కు ఉండే సముద్రం) ఉంటాయి. మా నెల్లూరు తీరానికి ఎదురుగా మరో దేశం లేదు కాబట్టి ఆ 200 మైళ్లు మనకు పూర్తిగా దక్కుతాయి. పాక్ జలసంధిలో పరిస్థితి వేరు. అక్కడ భారత్, శ్రీలంకల మధ్య దూరం కొన్ని పదుల కిలోమీటర్లే కనుక 1974 ఒప్పందం ద్వారా గీత గీసుకోవలసి వచ్చింది.

చదువుతుండగా నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం ఒకటి ఉంది. ఈ ఒప్పందాన్ని రూపొందించిన మూడవ సముద్ర చట్ట సమావేశానికి 1973 నుంచి 1980లో మరణించే వరకు అధ్యక్షత వహించినవారు శ్రీలంకకు చెందిన హామిల్టన్ షిర్లీ అమరసింఘే. ఆ తరువాత సింగపూర్ దౌత్యవేత్త టామీ కో ఆ పనిని పూర్తి చేశారు. ఒప్పందాన్ని శ్రీలంక 1994లో ఆమోదిస్తే భారతదేశం 1995లో ఆమోదించింది. చిన్న దేశం కాబట్టి వెనక వరుసలో కూర్చోవాలన్న బెరుకు ఈ ఒక్క చరిత్రతో నాలో పోయింది.

అయితే భారత ట్రాలర్లు తమ చిన్న జాలర్ల బతుకును దెబ్బతీస్తున్నాయన్న శ్రీలంక వాదనలోని బలం నాకు కాగితాల మీద కంటే తుమ్మలపెంటలోనే బాగా అర్థమైంది. కావలి నుంచి ఆటోలో వెళ్లేంత దగ్గరి ఊరది. మా స్నేహితురాలి తాత ఇసుక మీద నైలాను వల పరచి తెగిన చోట్లను కుడుతూ ఉన్నారు. వల అంచు తాడు, దానికి కట్టిన బెండ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నడుమ మాత్రం మనిషి దూరిపోయేంత ఖాళీ. రాత్రిపూట తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు (పెద్ద మర బోట్లు) తీరానికి దగ్గరగా ట్రాల్ వలలు లాగుతూ పోతే అడ్డంగా ఉన్న చిన్న వలలకు ఇదే గతి పడుతుందని ఆయన చెప్పారు. "వాళ్లకి ఒక్క రాత్రి వేటమ్మా, మాకు నెల బతుకు పాయె," అన్నారు. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే కేటాయించారని నేను చదివిన సంగతి చెబితే, ఆ గీత నీళ్ల మీద ఎవరికి కనిపిస్తుందని అడిగారు.

ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా, మన్నార్ ప్రాంతాల చిన్న జాలరి చెప్పేది కూడా ఇదే. 2009లో ముగిసిన అంతర్యుద్ధ కాలంలో ఆంక్షల వల్ల సముద్రంలోకి సరిగా వెళ్లలేకపోయిన ఆ తమిళ కుటుంబాలు, ఇప్పుడు అవతలి గట్టు అయిన తమిళనాడు నుంచి ట్రాలర్లు వచ్చే రాత్రుల్లో వలలు పోతాయన్న భయంతో ఒడ్డునే ఉండిపోతున్నాయి. సముద్రపు అడుగును గీకుతూ సాగే ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లో చట్టం ద్వారా నిషేధించింది. ఈ నిషేధం వెనుక ఉన్న బాధ నేను తుమ్మలపెంటలో చూసిన బాధే కాబట్టి, దాన్ని సమర్థించడానికి నేను నటించనక్కరలేదు. శ్రీలంక పక్షాన నిలబడి మాట్లాడటం మన జాలరికి ద్రోహం చేయడం కాదని, రెండు ఒడ్డుల్లోనూ చిన్న పడవ పక్షాన మాట్లాడటమేనని నాకు దృఢమైన నమ్మకం కలిగింది.

నా దేశపు బలహీనతలు కూడా నాకే ముందుగా తెలియాలి. అక్రమ చేపల వేటను అరికట్టడంలో విఫలమైందన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2015లో శ్రీలంక చేపల దిగుమతిని నిషేధించి, 2016లో ఎత్తివేసింది. భారత ప్రతినిధి ఈ మాట ఎత్తడం ఖాయం. అరెస్టుల గురించి, నౌకాదళం తీరు గురించి అడగడం ఇంకా ఖాయం. నిషేధం తరువాత చేపట్టిన దిద్దుబాటు చర్యల వల్లనే అది తొలగిందని మొదటి దానికి చెప్పగలను. అరెస్టుల విషయంలో మాత్రం ఎదురు ఆరోపణకు దిగను. బోటులో పనిచేసే కూలీని, బోటు యజమానిని ఒకే గాటన కట్టకూడదన్న మాటను నేనే ముందుగా ఒప్పుకొని, పాక్ బే ట్రాలర్లను లోతు సముద్రపు పడవలుగా మార్చేందుకు భారత ప్రభుత్వం 2017లో తెచ్చిన పథకాన్ని వేగవంతం చేయమని కోరతాను.

సభా నియమాలు నేర్చుకోవడం కష్టమేమీ కాదు. హాజరు పిలిచినప్పుడు "హాజరై ఓటు వేస్తాను" అంటే ఆ తరువాత తటస్థంగా ఉండే వీలు లేదు. మాట్లాడేటప్పుడు "నేను" అనకుండా "శ్రీలంక ప్రతినిధి బృందం" అనాలి. నిజమైన పని అంతా అన్‌మోడరేటెడ్ కాకస్‌లో, అంటే అందరూ కుర్చీలు వదిలి గుంపులుగా చేరి ముసాయిదా రాసుకునే సమయంలో జరుగుతుందని సీనియర్లు చెప్పారు. మా వైపు పట్టపుపాలెంలో (జాలర్ల ఊరిలో) కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చొని దురాయి (ఊరి కట్టుబాటు) పెట్టే ముందు ఇళ్ల అరుగుల మీద జరిగే మాటల వంటిదే ఇది కూడా. అందుకని ఇండోనేషియా, మాల్దీవుల ప్రతినిధులతో ముందుగా మాట్లాడాలని నిర్ణయించుకున్నాను.

నా తీర్మానపు ముసాయిదాకు ఆధారం మత్స్య కమిటీయే 2014లో ఆమోదించిన చిన్న తరహా మత్స్యకారుల మార్గదర్శకాలు. అందులో ఇప్పటికి రెండు అంశాలు రాసుకున్నాను. ట్రాలర్లన్నింటికీ ఆచూకీ తెలిపే పరికరాలు తప్పనిసరి చేయడం మొదటిది. తెగిన వలకు, ఏ దేశపు బోటు తెంపినా, నెలలోగా పరిహారం అందించే ఉమ్మడి నిధి రెండవది. ఈ రెండవ అంశంలో "ఒకే దేశంలోని రాష్ట్రాల మధ్య జరిగే నష్టానికి కూడా" అన్న మాటలు చేర్చాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అది దేశ అంతర్గత వ్యవహారమని భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు ఆ మాటలను వదులుకొని, బదులుగా మొదటి అంశానికి ఆయన మద్దతు అడుగుతాను.