బోల్కె అల్బాట్రాస్: పై రెక్క దాకా వచ్చాను

మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రెండు రెక్కల యుద్ధవిమానం అల్బాట్రాస్ డి.2కి నేను చేస్తున్న 1/48 స్కేల్ (అసలుకి 48వ వంతు) ప్లాస్టిక్ మోడల్ పని మొత్తానికి పై రెక్క అతికించే దశకు వచ్చింది. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 8.5 మీటర్లు, నా బల్ల మీద అది 17.7 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. నేను కడుతున్నది 386/16 నంబరు విమానం. 1916 అక్టోబర్ 28న జర్మన్ పైలట్ ఓస్వాల్డ్ బోల్కె చనిపోయింది ఇందులోనే.

రెడ్ బారన్‌గా పేరుపడ్డ జర్మన్ పైలట్ రిచ్తోఫెన్ పేరు తెలియని మోడలర్ ఉండరు, కానీ బోల్కె అంటే చాలామంది ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. రిచ్తోఫెన్‌కి గాలిలో పోరాటం నేర్పింది ఇతనే. 1891లో హాలె పక్కన పుట్టాడు, తండ్రి స్కూల్ మాస్టారు, చిన్నప్పుడు ఆస్తమా. 1911లో కోబ్లెంజ్‌లో టెలిగ్రాఫ్ బెటాలియన్‌లో చేరి, 1914లో హాల్బర్‌స్టాట్‌లో విమానం నడపడం నేర్చుకున్నాడు. యుద్ధం మొదట్లో ఇతను పైలట్ అయితే అన్న విల్‌హెల్మ్ పరిశీలకుడిగా కూడా వెళ్లేవాడు. తర్వాత ఫ్రాన్స్‌లోని డుయేలో ఫోకర్ ఒంటిరెక్క విమానాల మీద ఇంకో జర్మన్ పైలట్ మాక్స్ ఇమ్మెల్మాన్, ఇతను పోటాపోటీగా ఎగిరి, 1916 జనవరి 12న ఇద్దరూ ఒకే రోజు పెద్ద సైనిక పురస్కారమైన పూర్ ల మెరిట్ పతకం అందుకున్నారు. నాకు అన్నిటికన్నా గుర్తుండేది మాత్రం 1915 ఆగస్టు నాటి సంగతి. డుయే దగ్గర కాలువలో మునిగిపోతున్న ఒక ఫ్రెంచ్ కుర్రాడిని చూసి, ఒంటిమీద బట్టలతోనే దూకి బయటికి లాగాడు. శత్రుదేశపు పిల్లవాడు కదా అని ఆగలేదు.

సరే, పనిలోకి వస్తే, ఎక్కువ టైమ్ తిన్నది చెక్క రంగు. అల్బాట్రాస్ బాడీ బయట పలకలన్నీ ప్లైవుడ్, వార్నిష్ పూసి అలాగే వదిలేసేవారు, కాబట్టి ప్లాస్టిక్ మీద చెక్క గీతలు తెప్పించాలి. ముందు లేత పసుపు, క్రీమ్ కలిపిన యాక్రిలిక్ బేస్ వేశాను. మొదటిసారి నాలుగు గంటలకే ఆరిపోయిందనుకుని ఆయిల్ పెయింట్ రుద్దితే, టర్పెంటైన్ తగిలి బేస్ మొత్తం ఊడొచ్చింది. అంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి వేయాల్సి వచ్చింది, ఆ రోజు చాలా బాధేసింది. రెండోసారి బేస్ వేసి రెండు రోజులు ముట్టుకోలేదు, ఆపైన మెరిసే పారదర్శక పూత (గ్లాస్ క్లియర్) ఒక కోటు వేసి, అది కూడా గట్టిపడ్డాకే ఎర్రటి గోధుమరంగు ఆయిల్ పెయింట్ బర్న్‌ట్ సియెన్నా తీశాను. ట్యూబ్‌లోంచి నేరుగా వాడకండి. అట్టముక్క మీద పిండి రాత్రంతా ఉంచితే అందులో నూనె అట్ట పీల్చుకుంటుంది, లేకపోతే వారమైనా ఆరదు. గట్టి వెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌తో పలకకో దిక్కుగా లాగాలి, పక్కపక్క పలకల్లో గీతలు ఒకేలా వస్తే ఒకే చెక్కలా కనపడుతుంది, అది తప్పు. వానలకి గాలిలో తేమ ఎక్కువై నాకు ఆరడానికి ఐదు రోజులు పట్టింది. చివర్లో పల్చగా క్లియర్ ఆరెంజ్ ఒక కోటు వేస్తే వార్నిష్ మెరుపు వచ్చేసింది.

కాక్‌పిట్ చిన్న పనే, కానీ సీటు బెల్టుల దగ్గర ఆగిపోయాను. కిట్‌లో పల్చటి ఇత్తడి రేకు బెల్టులు ఇచ్చారు, మామూలుగా అయితే సీటు మీద చక్కగా పరిచి అతికిస్తాం. చనిపోయిన రోజు బోల్కె బెల్టు పెట్టుకోలేదు, హెల్మెట్ కూడా లేదు. అందుకే రేకును కొవ్వొత్తి మంట మీద కాస్త వేడిచేసి మెత్తబరిచి, రెండు బెల్టులూ సీటు పక్కకు వేలాడేలా వంచాను.

ఇప్పుడు పై రెక్క. దీనికి ముందు వచ్చిన డి.1 రకంలో పైలట్ ముందున్న స్ట్రట్స్ (పై రెక్కను మోసే కడ్డీలు) చూపుకు అడ్డం వచ్చేవి, డి.2లో రెక్కను కిందికి దించి స్ట్రట్స్‌ని పక్కలకు విడదీశారు. దాంతో రెక్కకూ బాడీకీ మధ్య సందు బాగా తగ్గింది, నా బ్రష్ కూడా దూరదు, అందుకే ఇంజిన్ పైభాగం, రెండు మెషిన్‌గన్‌లు రెక్క పెట్టకముందే పూర్తిచేశాను. మెర్సిడెస్ 160 హార్స్‌పవర్, ఆరు సిలిండర్లు, వాటి తలలన్నీ బయటికి కనిపిస్తాయి కాబట్టి అక్కడ పడ్డ శ్రమ వృథా పోదు.

చూపు గురించి ఇంత పట్టింపు ఎందుకో బోల్కె నియమాలు చదివితే అర్థమవుతుంది. ఎనిమిది నియమాలు రాశాడు. సూర్యుడిని వీపు వైపు పెట్టుకో, దగ్గరికి వెళ్లాకే కాల్చు, వెనకనుంచి దాడి చెయ్యి, ఇలా. 1916 ఆగస్టులో జాస్టా 2 అనే యుద్ధవిమానాల దళం పెట్టినప్పుడు కుర్ర పైలట్లకి ఇవే రోజూ నూరిపోసేవాడు. సెప్టెంబర్ 2న 20వ విజయం (అంటే కూల్చిన 20వ శత్రు విమానం), అక్టోబర్ 26కి 40. ఆ 20వ విజయంలో పట్టుబడ్డ ఇంగ్లిష్ పైలట్‌ని మెస్‌కి తీసుకెళ్లి కాఫీ ఇచ్చి, ఎయిర్‌ఫీల్డ్ అంతా తిప్పి చూపించాడు.

ఎనిమిదో నియమం గుంపుగా పోరాడటం గురించి, ఒకే శత్రువు మీదికి చాలామంది పోవద్దని. అక్టోబర్ 28న బోల్కె, అతని దళంలోని పైలట్ ఎర్విన్ బోమె ఇద్దరూ ఒకే ఇంగ్లిష్ యుద్ధవిమానం డి.హెచ్.2 వెంట పడ్డారు. రిచ్తోఫెన్ తరుముతున్న ఇంకో విమానం అడ్డంగా వచ్చింది, తప్పుకోబోయి బోమె విమానం చక్రాలు బోల్కె విమానం పై రెక్కను తాకాయి, అది కూలిపోయింది. బోల్కెకి అప్పటికి 25 ఏళ్లు. ఇంగ్లిష్ వాళ్లు విమానంలోంచి పూలదండ జారవిడిచారు, మా వీరోచితమైన శత్రువుకి అని రాసి.

రెక్కల మధ్య తీగల కోసం 0.3 మిల్లీమీటర్ డ్రిల్‌తో రంధ్రాలన్నీ ముందే వేసి పెట్టుకున్నాను, రెక్క అతికించాక డ్రిల్ చేస్తే స్ట్రట్స్ విరుగుతాయి. తీగలకి సన్నటి సాగే దారం తీసుకున్నాను, నైలాన్ దారం లాగితే రెక్క వంగుతోంది. రెక్క కదలకుండా థర్మాకోల్ కోసి స్టాండ్ చేశాను, నాలుగు మూలలూ స్కేల్‌తో కొలిచి చూసుకున్నా. ఆదివారం పొద్దున అతికించి, మర్నాడు దాకా ముట్టుకోను.