వ్యూపోర్ట్ కింద పునాది మార్పు: ఓపెన్‌జీఎల్ నుంచి వల్కన్‌కి

ఈరోజంతా వ్యూపోర్ట్ (3డీ మోడల్ కనిపించే తెర భాగం) కోడ్‌తోనే సరిపోయింది. ఏళ్ల తరబడి ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ చిప్ అయిన జీపీయూతో బొమ్మలు గీయించే పాత ఏపీఐ, అంటే ఫంక్షన్ల సమితి) మీద పెరిగిన పెద్ద డెస్క్‌టాప్ అప్లికేషన్‌ని దాని తర్వాతి తరం వల్కన్ మీదికి, మ్యాక్‌లో ఆపిల్ సొంత ఏపీఐ మెటల్ మీదికి తేవాలంటే కొత్త ఏపీఐలో రాసే కోడ్ నిజానికి చిన్న భాగం. పాత కోడ్ ఎక్కడా రాసిపెట్టకుండా డ్రైవర్ (జీపీయూని నడిపే సాఫ్ట్‌వేర్) మీద వదిలేసిన పనులు బోలెడుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా బయటికి లాగడమే అసలు పని.

వాయిదా వేసే వీలూ లేదు. ఆపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ మోహావేతో ఓపెన్‌జీఎల్‌ని డెప్రికేట్ చేసింది, అంటే ఇక వాడొద్దని ప్రకటించింది. అంతకు చాలా ముందే అక్కడ వెర్షన్ 4.1 దగ్గర ఆగిపోయింది. కంప్యూట్ షేడర్లు (షేడర్ అంటే జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్; ఇవి గీయడానికి కాక లెక్కలకి) వచ్చింది 4.3లో, కాబట్టి మ్యాక్‌లో ఆ దారి ఎప్పుడూ తెరుచుకోలేదు.

ఉదయం స్టేట్ గొడవ, అంటే గీసే ముందు పెట్టే సెట్టింగులది. ఓపెన్‌జీఎల్‌లో ఎక్కడో ఒక ఫంక్షన్ బ్లెండింగ్ (రంగుల్ని కలిపి గీయడం) ఆన్ చేసి అలాగే వదిలేస్తుంది. ఆ తర్వాత గీసే మరో ఫంక్షన్ తెలియకుండానే దాని మీద ఆధారపడుతుంది. వల్కన్‌లో షేడర్లు, బ్లెండ్, వెర్టెక్స్ (శీర్షబిందువు) లేఅవుట్, రెండర్ టార్గెట్ (గీసే చోటు) ఫార్మాట్ లాంటివన్నీ చాలావరకు ఒకే పైప్‌లైన్ ఆబ్జెక్ట్‌లో ముందే బిగించాలి. అందుకే వల్కన్ కోడ్ ఒక్క లైను కూడా రాయకముందే, ఓపెన్‌జీఎల్ మీద ఉండగానే, జీఎల్ కాల్స్ అన్నిటినీ ఒక పలచని పొర వెనక్కి నెట్టేయాలి. పొర బయట వెతికితే ఒక్క జీఎల్ కాల్ కూడా దొరకకూడదు. ఈ మెట్టు దాటేసి నేరుగా వల్కన్‌లోకి దిగితే, తెర మీద తప్పు కనిపించినప్పుడు అది పాత అలవాటు వల్లో కొత్త కోడ్ వల్లో తేల్చుకోలేం.

ఆ పొర ప్రతి డ్రాకీ (గీసే ఆదేశానికీ) స్టేట్ అంతా కలిపి ఒక హ్యాష్ (గుర్తింపు సంఖ్య) కడుతుంది, ఆ హ్యాష్‌కి ఒక పైప్‌లైన్. కొత్త కలయిక మొదటిసారి ఎదురైనప్పుడు పైప్‌లైన్ కంపైల్ కావాలి, ఆ క్షణంలో తెర బిగుసుకుపోతుంది. మామూలుగా వాడే కలయికల్ని అప్లికేషన్ తెరుచుకునేటప్పుడే వేరే థ్రెడ్‌లో తయారు చేసి, పైప్‌లైన్ క్యాష్‌ని (కంపైలైన వాటి నిల్వని) డిస్క్ మీద దాచాలి. తిరిగి చదివేటప్పుడు దాని హెడర్‌లోని వెండర్ ఐడీ, డివైస్ ఐడీ, యూయూఐడీలని (ఆ క్యాష్ దేనికి చెందిందో చెప్పే గుర్తుల్ని) సరిచూసి, తేడా ఉంటే పారేసి మొదటినుంచి కట్టుకోవాలి.

గ్రిడ్లు, పట్టుకునే హ్యాండిళ్లు, ఎంపిక పెట్టెలు ఇంకా జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ మధ్య ఒక్కో బిందువునీ పంపే పాత పద్ధతిలోనే ఉన్నాయి. వీటికి ఒక రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటినుంచి రాసుకునే మెమరీ) చాలు. అయితే రెండు ఫ్రేములు ఏకకాలంలో నడుస్తుంటే జీపీయూ ఇంకా చదువుతున్న చోటే సీపీయూ కొత్త డేటా రాసేస్తుంది. లక్షణం ఒకటే: హ్యాండిళ్లు అప్పుడప్పుడు మిణుకుమంటాయి, డీబగ్గర్‌లో ఆపితే ఆ మిణుకు మాయమవుతుంది. ప్రతి ఫ్రేముకీ విడి భాగం ఇచ్చి, దాని ఫెన్స్ (జీపీయూ పని ముగిసిందని చెప్పే సంకేతం) పూర్తయ్యాకే తిరిగి వాడుకోవాలి.

మధ్యాహ్నం డెప్త్, అంటే లోతు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన తప్పు ఇది, ఎందుకంటే చాలాకాలం దాక్కోగలదు. క్లిప్ స్పేస్‌లో (తెరలో పట్టని భాగాల్ని కత్తిరించే కొలతల్లో) ఓపెన్‌జీఎల్ లోతు -1 నుంచి 1 వరకు, వల్కన్, మెటల్‌లలో 0 నుంచి 1 వరకు. పాత ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌నే (3డీని తెర మీదికి తెచ్చే లెక్కని) పంపితే సున్నా కంటే తక్కువైనదంతా తెగిపోతుంది. పర్‌స్పెక్టివ్‌లో (దూరమైనవి చిన్నగా కనిపించే వ్యూలో) అలా తెగేది నియర్ ప్లేన్ (గీయడం మొదలయ్యే అతి దగ్గరి తలం) నుంచి దాదాపు దానికి రెట్టింపు దూరం వరకే. నియర్ 0.1 అయితే సుమారు 0.2 వరకు, అక్కడ సాధారణంగా ఏమీ ఉండదు కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆర్థోగ్రాఫిక్ వ్యూకి (దూరంతో పరిమాణం మారనిదానికి) మారగానే మోడల్ ముందు సగం లేచిపోతుంది. అందుకే మొదట పరీక్షించాల్సింది ఆర్థోగ్రాఫిక్ వ్యూనే.

వై అక్షం సంగతి త్వరగానే తేలుతుంది. వల్కన్‌లో అది కిందికి పోతుంది. వల్కన్ 1.1 నుంచి వ్యూపోర్ట్ ఎత్తుని రుణాత్మకంగా ఇస్తే బొమ్మ సరవుతుంది. కొన్ని పాస్‌లలో (గీసే విడతల్లో) తిప్పి కొన్నిటిలో వదిలేస్తేనే చిక్కు: నీడలు తలకిందులవుతాయి, కల్లింగ్ (వెనక వైపు ముఖాల్ని గీయకుండా వదిలేయడం) ఎదురు తిరుగుతుంది. ఎక్కడ తిప్పాలన్నది ఒకే చోట నిర్ణయించాలి.

గీతలకి మాత్రం చాలా సమయం పడుతుంది. గీత మందం పెట్టే జీఎల్‌లైన్‌విడ్త్‌కి మెటల్‌లో సాటి లేదు. వల్కన్‌లో వైడ్‌లైన్స్ (మందపు గీతలు) ఐచ్ఛికం. మెటల్‌లో కొత్త ఆకారాల్ని పుట్టించే జామెట్రీ షేడర్ కూడా లేదు కాబట్టి వెర్టెక్స్ షేడర్‌లోనే ప్రతి గీతముక్కనీ రెండు త్రిభుజాలుగా విప్పి, పిక్సెల్ కొలతలో అంచుల్ని జరపాలి. ఒక కొస కెమెరా వెనక ఉంటే, డబ్ల్యూతో (పర్‌స్పెక్టివ్ కోసం వాడే నాలుగో అంకెతో) భాగించకముందే గీతని నియర్ ప్లేన్ దగ్గర కత్తిరించాలి. లేకపోతే తెరకి అడ్డంగా ఎక్కడికో దూసుకుపోతుంది. చుక్కల గీతలకి జీఎల్‌లైన్‌స్టిపుల్ లేదు కనుక మొదటి కొస నుంచి తెర మీది పొడవుని కలుపుకుంటూ పిక్సెళ్లకి రంగు వేసే ఫ్రాగ్మెంట్ షేడర్‌కి పంపాలి.

సాయంత్రం ఒక వస్తువు రంగు బాగుండి పారదర్శకత మాత్రం చెడింది, అదీ మెటల్‌లోనే. కారణం యూనిఫామ్ (షేడర్‌కి పంపే విలువల) లేఅవుట్. ఎస్‌టీడీ140 అనే అమరిక నియమంలో వెక్3 (మూడు ఫ్లోట్లు, అంటే దశాంశ సంఖ్యలు) తర్వాత వచ్చే ఫ్లోట్ 12వ బైట్ దగ్గర కూర్చుంటుంది. మెటల్ షేడర్‌లో ఫ్లోట్3 పరిమాణమే 16 బైట్లు, కాబట్టి అదే ఫ్లోట్ 16వ బైట్‌కి జరుగుతుంది. యూనిఫామ్ స్ట్రక్చర్లలో వెక్3ని పూర్తిగా నిషేధించి వెక్4 వాడటమే ఉత్తమం. నాలుగు బైట్ల పొదుపు కోసం ఇంత బాధ అనవసరం.

మారిన భాగాన్నే తిరిగి గీసే విండోలకి ఇంకో ఉచ్చు ఉంది. స్వాప్‌చెయిన్ (తెర మీదికి వంతులవారీగా వెళ్లే బొమ్మల వరుస) ఇమేజ్‌లో పాత బొమ్మ మిగిలి ఉంటుందన్న హామీ లేదు. సొంత ఆఫ్‌స్క్రీన్ టెక్స్చర్‌లో గీసి, ప్రతి ఫ్రేములో దాన్ని పూర్తిగా కాపీ చేయాలి. విండో సైజు మార్చినప్పుడు స్వాప్‌చెయిన్ కాలం చెల్లిందని ఎర్రర్ రావచ్చు, అది క్రాష్‌కి దారి తీయకూడదు, కొత్తది కట్టుకోవాలి.

పరీక్షలకి ఒకే సీన్‌ని రెండు బ్యాకెండ్లలో (ఓపెన్‌జీఎల్, వల్కన్) గీసి బొమ్మలు పోలుస్తున్నాను. యాంటీ అలియాసింగ్ (నునుపు చేసిన) అంచుల్లో కొంచెం తేడా సహజం, దానికి పరిమితి పెట్టుకోవాలి. జీపీయూ లేని బిల్డ్ మెషీన్లలో సీపీయూతోనే గీసే మెసా ప్రాజెక్టు డ్రైవర్లు, ఎల్‌ఎల్‌వీఎంపైప్ ఓపెన్‌జీఎల్‌కీ, లావాపైప్ వల్కన్‌కీ పనికొస్తాయి. ఏపీఐ వాడకంలో తప్పులు పట్టే వాలిడేషన్ లేయర్‌తో పాటు సింక్రనైజేషన్ తనిఖీ కూడా ఆన్ చేయాలి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

రేపు మౌస్ క్లిక్‌తో వస్తువుని పట్టుకునే భాగం. గీసిన పిక్సెళ్లని తిరిగి చదివే జీఎల్‌రీడ్‌పిక్సెల్స్, జీపీయూ పని ముగిసేదాకా అప్లికేషన్‌ని ఆపేస్తుంది. దాని బదులు వస్తువుల ఐడీలని 32 బిట్ల పూర్ణాంక టెక్స్చర్‌లో గీసి, కర్సర్ చుట్టూ ఉన్న చిన్న చతురస్రాన్ని మాత్రమే బఫర్‌లోకి కాపీ చేసి, ఫెన్స్ పూర్తయ్యాక చదవాలి. జవాబు ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, దాన్ని పిలిచే కోడ్ కూడా వెంటనే విలువ ఆశించకుండా కాల్‌బ్యాక్ (జవాబు వచ్చాక పిలిచే ఫంక్షన్) తీసుకునేలా మారాలి.